చార్జిషీటుకు గడువుంది, విచారణకే లేదు

2020 మార్చి 20, శుక్రవారం. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసే కుర్రాణ్ణి ఇంట్లో దొంగతనం కేసులో మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి, గాంధీనగర్‌లోని జిల్లా జైలుకు రిమాండు పంపారనుకోండి. కుర్రాడు నేను కల్పించినవాడే. కింద వచ్చే తేదీలు, సెక్షన్లు, తీర్పులు మాత్రం కల్పన కావు.

ఆదివారం జనతా కర్ఫ్యూ. మంగళవారం రాత్రి లాక్‌డౌన్ ప్రకటన. కొద్ది వారాలకే కృష్ణలంక, కార్మికనగర్ రెడ్‌జోన్లయ్యాయి. సందు మొదట్లో కర్రలు అడ్డం కట్టేశారు. కొడుక్కి ప్లీడరును మాట్లాడదామని తల్లి గవర్నరుపేట దాకా రావాలంటే మధ్యలో ఎన్ని చోట్ల ఆపుతారో తెలీదు. వచ్చినా ఆఫీసుకు తాళం. కోర్టులో అర్జంటు పిటిషన్లు తప్ప, మామూలు కేసులు పిలిచే కాల్‌వర్క్ లేదు. మరి ఈ కుర్రాడి కేసు ఎప్పటికి తేలాలి?

"కరోనా కదండీ, ఎవరేం చేస్తారు" అన్నది అప్పట్లో అన్నిటికీ సరిపోయిన జవాబు. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి, కేసులూ వాయిదా పడ్డాయి. కాకపోతే పరీక్ష వాయిదా పడిన పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు. కేసు వాయిదా పడిన రిమాండు ఖైదీ ఎక్కడుంటాడో చెప్పక్కర్లేదు.

ఇక్కడ అందరూ కలిపేసే రెండు విషయాలున్నాయి. దర్యాప్తు ఆలస్యం వేరు, విచారణ ఆలస్యం వేరు. మొదటిదానికి మన చట్టంలో గట్టి గడువుంది. రెండోదానికి హక్కుందిగానీ అన్ని కేసులకూ వర్తించే గడువు లేదు. కరోనా వచ్చి ఈ తేడాను ఎండలో పెట్టింది.

ఆ సోమవారం, అంటే మార్చి 23న, సుప్రీంకోర్టు రెండు ఉత్తర్వులిచ్చింది. రెండూ ఎవరూ అడక్కుండా తనంతట తాను చేపట్టిన వ్యవహారాలే. మొదటిది లిమిటేషన్ గురించి. అప్పీళ్ళు, దావాలు, దరఖాస్తులు వేసుకోవడానికి ఉన్న గడువులను మార్చి 15 నుంచి పొడిగిస్తున్నామంది. రెండోది జైళ్ళ గురించి. కిక్కిరిసిన బ్యారకుల్లో రోగం పాకకుండా ఎవరిని తాత్కాలికంగా బయటికి పంపొచ్చో తేల్చడానికి ప్రతి రాష్ట్రంలో హైపవర్ కమిటీ వేయమంది. ఒక ఉత్తర్వు గడియారాన్ని ఆపింది, ఇంకోటి తలుపు కొంచెం తీసింది. మన కుర్రాడి గొడవంతా ఈ రెండింటి మధ్యే.

గడియారం సంగతి ముందు చూద్దాం. అప్పట్లో అమల్లో ఉన్నది సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. అందులో 167(2) సెక్షను క్రిమినల్ ప్రాక్టీసు చేసేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. నిందితుడు జైల్లో ఉంటే పోలీసులు 60 రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయాలి. మరణశిక్ష, యావజ్జీవం, కనీసం 10 ఏళ్ళ శిక్ష పడే నేరాలకైతే 90 రోజులు. కమర్షియల్ క్వాంటిటీ, అంటే చట్టం పెద్ద మొత్తంగా లెక్కవేసే గంజాయి కేసుకు, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద 180. గడువు దాటినా చార్జిషీటు పడకపోతే, నిందితుడు అడిగి జామీనుకు సిద్ధపడితే, బెయిలు ఇచ్చి తీరాలి. సాక్ష్యం ఎంత గట్టిది, పాత కేసులున్నాయా, పారిపోతాడా అన్న చర్చ రాదు. దీన్నే డిఫాల్ట్ బెయిలు అంటారు.

"అడిగితే" అన్నచోట కొంచెం ఆగాలి. అడక్కుండా ఊరుకున్నాడా, ఈలోగా చార్జిషీటు వచ్చి పడిందా, హక్కు పోయినట్టే. అందుకే 61వ రోజు పొద్దున్నే పిటిషను పట్టుకుని కోర్టు తలుపు తీసేవేళకు నిలబడతారు జూనియర్లు. అదే పొద్దున స్టేషన్ నుంచి కోర్టు కానిస్టేబులు చార్జిషీటు కట్ట పట్టుకుని బండి మీద వస్తుంటాడు. ఎవరు ముందు చేరితే వాళ్ళది. ఒక మనిషి స్వేచ్ఛ ట్రాఫిక్ సిగ్నల్ మీద ఆధారపడటం వింతే, కానీ ఉన్న మాట అది. నోటిమాటగా అడిగినా చాలునని 2017లో రాకేష్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. రోజులు లెక్కపెట్టేటప్పుడు రిమాండు విధించిన రోజును కలుపుకోవాలా వద్దా అన్న తగువు కూడా చాలాకాలం నడిచింది. కరోనా కాలంలోనే పుట్టిన కపిల్ వాధ్వాన్ కేసులో, కలుపుకోవాల్సిందేనని 2023 మార్చి 27న తేల్చారు.

ఆ లెక్కన మన కుర్రాడిది చూద్దాం. ఇంట్లో దొంగతనానికి ఐపీసీ 380 కింద గరిష్ఠ శిక్ష 7 ఏళ్ళు, కాబట్టి 60 రోజుల కేసు. మార్చి 20 మొదటి రోజయితే మే 18కి 60 నిండాయి. మే 19 పొద్దున అతనికి హక్కు పుట్టింది.

పుట్టిందా? అక్కడే చిక్కొచ్చింది. సుప్రీంకోర్టు గడువులన్నీ పొడిగించింది కదా, చార్జిషీటు గడువూ అందులోకే వస్తుందని పోలీసుల వాదన. మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో ఒక జడ్జి ఈ వాదన చెల్లదన్నారు. అదే హైకోర్టులో ఇంకో జడ్జి చెల్లుతుందన్నారు. ఆ రెండో ఉత్తర్వు మీద ఎస్. కాశి అనే నిందితుడు సుప్రీంకోర్టుకెళ్ళాడు. అదీ దొంగతనం కేసే. 73 రోజులు గడిచినా చార్జిషీటు లేదు.

2020 జూన్ 19న జస్టిస్ అశోక్ భూషణ్ నాయకత్వంలోని ముగ్గురు జడ్జీల బెంచి తీర్పిచ్చింది. తీర్పు సారం మన మాటల్లో చెప్పాలంటే: లిమిటేషన్ ఉత్తర్వు కోర్టుకు రాలేకపోయిన కక్షిదారు కోసం ఇచ్చింది, మనిషిని లోపల ఉంచడానికి పోలీసులకిచ్చిన వెసులుబాటు కాదు. లాక్‌డౌన్ అంటే ఎమర్జెన్సీ కాదు. నిజంగా ఎమర్జెన్సీ పెట్టినా, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణాన్ని పక్కన పెట్టే వీల్లేదు. దర్యాప్తు చేసిన పోలీసు ఆ కాగితాలు మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళకుండా ఆపే నిషేధమేదీ లేదు.

ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. లాక్‌డౌన్‌లో రోడ్డు మీద తిరిగే హక్కున్న అతికొద్దిమందిలో పోలీసులు ఒకరు. రాలేకపోయామని అనాల్సింది వాళ్ళా?

అయితే మే 19కీ జూన్ 19కీ మధ్య నెల రోజులుంది. ఆ నెలలో 60 రోజులు నిండినవాళ్ళ గతి, ఏ కోర్టు ఆ ఉత్తర్వును ఎలా చదువుకుందన్న దాని మీద ఆధారపడింది.

సరే, బెయిలు వచ్చిందనుకుందాం. బెయిలు రావడం వేరు, బయటికి రావడం వేరు. ఇద్దరు జామీనుదార్లు కావాలి. వాళ్ళకు ఇల్లో పొలమో ఉండాలి, ఇంటిపన్ను రసీదో సాల్వెన్సీ సర్టిఫికెట్టో తేవాలి, కోర్టులో మనుషులుగా నిలబడాలి. తహసీల్దారు ఆఫీసు మూత, బస్సుల్లేవు, నూజివీడులో ఉన్న మేనమామ బెజవాడ రావాలంటే పాసు కావాలి. ఉత్తర్వు చేతిలో ఉండి కూడా లోపలే ఉండిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? షరతులు తీర్చలేక నెల దాటినా విడుదల కానివాళ్ళ విషయంలో కోర్టే చొరవ తీసుకుని షరతులు సడలించే ఆలోచన చేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. లాక్‌డౌన్ అయిన చాన్నాళ్ళకు.

ఇక తలుపు తీసిన ఉత్తర్వు. 7 ఏళ్ళ దాకా శిక్ష పడే నేరాల్లో ఉన్నవాళ్ళను తాత్కాలికంగా వదిలే విషయం పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు ఉదాహరణగా చెప్పి, కొలతలు నిర్ణయించే పని కమిటీలకు అప్పజెప్పింది. మన కుర్రాడిది 380 ఒక్కటే అయితే ఆ గీత లోపలే ఉంటాడు. అదే రాత్రిపూట తాళం పగలగొట్టి జొరబడ్డాడని 457 కూడా తగిలించారా, గరిష్ఠ శిక్ష 14 ఏళ్ళకు పోతుంది, గీత దాటేస్తాడు. రిమాండు రిపోర్టులో ఒక సెక్షను ఎక్కువ రాస్తే వైరస్ మధ్య మిగిలిపోతాడన్నమాట. అప్పటికి ఎవరూ నేరం రుజువు చేయలేదని గుర్తుపెట్టుకోండి. 2020 ఆగస్టులో రాజమండ్రి సెంట్రల్ జైలులో 200 మందికి పైగా ఖైదీలకు పాజిటివ్ వచ్చింది.

రెండో వేవ్ ఉధృతిలో, 2021 మే 7న, ఇదే ఉత్తర్వును మళ్ళీ తీశారు. ఈసారి ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఉన్నది అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం మనిషి, జస్టిస్ ఎన్.వి. రమణ. కానీ ఈ విడుదలలు విచారణకు బదులు కావు. కేసు ఉన్నచోటే ఉంటుంది. బయటికొచ్చిన వాళ్ళంతా 15 రోజుల్లో తిరిగి లొంగిపోవాలని 2023 మార్చి 24న సుప్రీంకోర్టు ఆదేశించింది. మూడేళ్ళు బయట బతికి, కేసు అంగుళం కదలకుండానే సంచి సర్దుకుని జైలు గేటు దగ్గరికి వెళ్ళినవాళ్ళను ఊహించుకోండి.

ఇప్పుడు అసలు ముడి. చార్జిషీటు పడింది. ఇక విచారణ ఎన్నాళ్ళలో పూర్తి చేయాలి?

1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు, త్వరితగతిన విచారణ అన్నది 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. బీహార్ జైళ్ళలో, నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువకాలం విచారణ లేకుండా మగ్గినవాళ్ళ కథ అది. ప్రభుత్వం డబ్బు లేదని తప్పించుకోకూడదని కూడా అప్పుడే చెప్పారు. బాగుంది. ఎన్నాళ్ళు దాటితే ఆలస్యం? 1991లో అంతూలే కేసులో అయిదుగురు జడ్జీలు అంకె చెప్పడానికి ఒప్పుకోలేదు. నేరమేమిటి, ఆలస్యం ఎవరివల్ల, నిందితుడే వాయిదాలు అడిగాడా, ఆలస్యంతో అతనికి ఏం నష్టం జరిగిందన్నవి కేసుకు కేసు తూచుకోవాలన్నారు. ఆ తర్వాత 1996 నుంచి 1999 దాకా చిన్న బెంచీలు ఇన్నేళ్ళు దాటితే కేసు మూసేయండి అని అంకెలు పెట్టాయి. 2002లో పి. రామచంద్రరావు కేసులో ఏడుగురు జడ్జీల బెంచి కూర్చుని ఆ అంకెలన్నీ కొట్టేసింది. చట్టసభ పెట్టని గడువు కోర్టు పెట్టకూడదని కారణం.

అక్కడి నుంచి పరిస్థితి అదే. హక్కు రాజ్యాంగంలో ఉంది, కొలబద్ద ఎక్కడా లేదు.

అమెరికాలో ఫెడరల్ కేసుల్లో విచారణ 70 రోజుల్లో మొదలవ్వాలని 1974 నాటి చట్టముంది. కరోనాలో జ్యూరీ సభ్యులను ఒక గదిలో కూర్చోబెట్టలేక, న్యాయప్రయోజనాల పేరుతో ఆ రోజుల్ని లెక్కలోంచి మినహాయిస్తూ పోయారు. అలా మినహాయించిన ప్రతిసారీ జడ్జి కారణం రాయాలి. ఇంగ్లండులో విచారణ మొదలయ్యేదాకా మనిషిని లోపల ఉంచే గరిష్ఠ గడువును 2020 సెప్టెంబరులో 182 రోజుల నుంచి 238కి పెంచారు, అదీ బాహాటంగా, నిబంధన మార్చి. ఆ మార్పులు మంచివా చెడ్డవా అన్నది వాళ్ళ తగువు. అక్కడ గడియారం ఆపాలంటే ఒకరు చెయ్యెత్తి ఆపాలి, ఎందుకు ఆపారో జనం అడగొచ్చు. ఇక్కడ విచారణ గడియారాన్ని ఎవరూ ఆపలేదు. గోడకు ఉంటేగా ఆపడానికి!

పూర్తిగా లేదనడం కూడా సరికాదు. సీఆర్‌పీసీ 437(6) అని ఒక చిన్న సెక్షను ఉండేది. మేజిస్ట్రేటు కోర్టులో నాన్‌బెయిలబుల్ కేసు, సాక్ష్యానికి పెట్టిన మొదటి తేదీ నుంచి 60 రోజుల్లో ముగియకపోతే, కారణం రాసి నిరాకరిస్తే తప్ప, జైల్లో ఉన్న నిందితుడికి బెయిలు ఇవ్వాలి. చదవడానికి మన కుర్రాడి కోసమే రాసినట్టుంటుంది. కానీ మళ్ళీ చూడండి: సాక్ష్యానికి పెట్టిన మొదటి తేదీ నుంచి. కరోనాలో కోర్టులు సాక్ష్యానికి తేదీయే పెట్టలేదు. తేదీ లేనిదే 60 రోజులు మొదలవ్వవు.

మనకు జ్యూరీ లేదు, కాబట్టి విచారణలు నడిపి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ ఇరుక్కున్నది సాక్షుల దగ్గర. 2020 ఏప్రిల్ 6న వీడియో విచారణలకు మార్గదర్శకాలు ఇస్తూ, ఇరుపక్షాలు ఒప్పుకుంటే తప్ప వీడియోలో సాక్ష్యం నమోదు చేయొద్దని సుప్రీంకోర్టు షరతు పెట్టింది. బెయిలు పిటిషన్లు ఫోన్ తెరమీద నడిచాయి, వాదనలు నడిచాయి, సాక్షిని ఇరుపక్షాలూ ప్రశ్నించే చీఫ్, క్రాస్ మాత్రం ఎక్కువగా ఆగిపోయాయి. అలా ఆగడానికి కారణం లేకపోలేదు. దొంగసొత్తు గొలుసును, అది పట్టుకున్నప్పుడు సాక్షిగా ఉన్న మధ్యవర్తి కెమెరాలో చూసి ఇదేనండీ అంటే ఏం నమ్మకం? సాక్షి కూర్చున్న గదిలో తలుపు వెనక ఎవరు నిలబడ్డారో డిఫెన్సు వకీలుకు ఎలా తెలుస్తుంది? ఎదురుగా నిలబడి ప్రశ్న వేసినప్పుడు సాక్షి మింగే గుటక నెట్‌వర్కు ఆగి ఆగి వచ్చే బొమ్మలో కనబడదు. పైగా జైల్లో ఉన్న నిందితుడు, పక్కన వార్డరు నిలబడి ఉండగా, తన వకీలుతో రహస్యంగా ఒక మాట ఎలా చెబుతాడు? త్వరగా అయిపోవాలన్న హక్కూ, సరిగా జరగాలన్న హక్కూ ఒకే మనిషివి. ఒకదానికోసం ఇంకోదాన్ని వదులుకోమని అడగడం అన్యాయం.

దీని ఫలితం అంకెల్లో కనబడుతుంది. కేంద్ర నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ జైళ్ళ నివేదికల ప్రకారం 2019 చివరికి దేశంలో 4,78,600 మంది ఖైదీల్లో విచారణ ఖైదీలు 3,30,487, అంటే 69 శాతం. 2020 చివరికి 4,88,511లో 3,71,848, అంటే 76 శాతం. మరుసటి ఏడాది 77. జైళ్ళు ఖాళీ చేయండని ఉత్తర్వులొచ్చిన ఏడాదిలోనే జైళ్ళలో నేరం రుజువు కానివాళ్ళు 41 వేల మంది పెరిగారు. శిక్షపడ్డవాళ్ళు 1,44,125 నుంచి 1,12,589కి తగ్గారు. పెరోల్ మీద కొందరు వెళ్ళారు, కొత్త తీర్పులు రాలేదు. అరెస్టులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. కుళాయి తిప్పి ఉంచి తూము మూసినట్టు.

కరోనాలో విచారణ అసలు సాధ్యమే కాదన్న మాటకు గుంటూరే జవాబు చెప్పింది. 2021 ఆగస్టు 15న, జెండా పండగ రోజు, ఒక బీటెక్ విద్యార్థినిని నడిరోడ్డు మీద పొడిచి చంపారు. సీసీ కెమెరాకు చిక్కిన ఘోరం. 2022 ఏప్రిల్ 29న గుంటూరు ప్రత్యేక కోర్టు నిందితుడికి మరణశిక్ష వేసింది. మధ్యలో మూడో వేవ్ వచ్చి పోయింది. నేరం నుంచి తీర్పు దాకా ఎనిమిదిన్నర నెలలు. త్వరిత విచారణ నిందితుడి హక్కు ఎంతో, కూతుర్ని పోగొట్టుకున్న ఇంటి హక్కూ అంతే. కానీ అదే చల్లబడి చూస్తే, కెమెరా ఉండి, ఊరంతా కదిలి, ప్రభుత్వం మీద కళ్ళన్నీ ఉన్న కేసు అది. సాక్షులను తెచ్చారు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నాడు, తేదీలు దొరికాయి. ఎవరికీ పట్టని 380 కేసుకు అదే జిల్లాలో అదే చట్టం ఉన్నా ఇవేవీ రావు. కరోనా అడ్డం వచ్చిందన్న మాటలో సగమే నిజమని అనేది అందుకే.

తొందర గురించి మరో మాట. 2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. మహిళలపై కొన్ని నేరాల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. మూడు నెలలకే లాక్‌డౌన్. ఆ 21 రోజులూ అమల్లో ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేం కాదు. ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు గుర్తున్నవాళ్ళకు నా భయం అర్థమవుతుంది. 2007 డిసెంబరు నాటి ఆ కేసులో విజయవాడ కోర్టు 2010లో ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అంది. ఈలోగా ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు.

ఆలస్యానికి కోర్టు ఇవ్వగలిగిన విరుగుడు ఆచరణలో బెయిలే. 2021 ఫిబ్రవరి 1న కె.ఎ. నజీబ్ కేసులో, ఉగ్రవాద కేసులకు వాడే ఉపా లాంటి కఠిన చట్టం కింద ఉన్నవాడికి కూడా సుప్రీంకోర్టు బెయిలు నిలబెట్టింది. అయిదేళ్ళకు పైగా లోపలున్నాడు, ఇంకా 276 మంది సాక్షులను విచారించాలి. విచారణ సమీప భవిష్యత్తులో ముగిసే సూచన లేనప్పుడు చట్టంలోని బెయిలు ఆంక్షలు కరిగిపోతాయన్నది ఆ తీర్పు భావం. అంత పెద్ద కేసులో మనిషికి దొరికిన ఆసరా దొంగతనం కేసులో దొరకదని కాదు, అడిగేవాళ్ళు ఉండాలి.

2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. వాదనలయ్యాక 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తీర్పు చెప్పమంది. విచారణ, సాక్ష్యం ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపొచ్చని 530 సెక్షనులో రాసింది. అన్ని కేసులకూ వర్తించే విచారణ గడువు మాత్రం ఇందులోనూ పెట్టలేదు. మళ్ళీ ఇలాంటి రోగమొస్తే చార్జిషీటు గడియారానికి కాశి తీర్పు కాపలా ఉంది. విచారణకు ఏ కాపలా ఉందో నాకైతే కనబడలేదు.

కుర్రాడి లెక్క ముగిద్దాం. డిఫాల్ట్ బెయిలు అడిగేవాడు లేక, జామీను దొరక్క, అతను లోపలే ఉండిపోయాడనుకోండి. పాత 436ఎ సెక్షను కింద గరిష్ఠ శిక్షలో సగం, అంటే మూడున్నరేళ్ళు గడిస్తే బెయిలు: 2023 సెప్టెంబరు. కొత్త 479 సెక్షను కింద అంతకుముందు శిక్ష పడనివాడికి మూడో వంతు చాలు, రెండేళ్ళ నాలుగు నెలలు: 2022 జూలైకే నిండేవి, కానీ అప్పటికి ఆ సెక్షను పుట్టలేదు. పాత కేసుల వాళ్ళకూ అది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దరఖాస్తు పెట్టే బాధ్యత ఇప్పుడు తల్లిది కాదు, జైలు సూపరింటెండెంటుది. అయితే అదే సెక్షనులో రెండో క్లాజు ఉంది: ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఈ సౌకర్యం లేదు. ఎక్కడో పాత బైకు దొంగతనం ఒకటి అతని పేర రాసి, జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో హాజరుపరచమనే పీటీ వారెంటు మీద చూపించారంటే, లెక్క మళ్ళీ మొదటికి.